తల ముట్టనివ్వని గుర్రం

పొద్దున మద్రాసు రైలు వచ్చే వేళకి తిరుపతి స్టేషను ముందర జట్కాలన్నీ వరసగా నిలబడి ఉండేవి, ఒక్క మునివెంకటప్పది తప్ప. అతను అప్పటికింకా కొర్లగుంటలో తన ఇంటి పెరట్లోనే కళ్ళెం చేతబట్టుకుని గుర్రం చుట్టూ తిరుగుతూ ఉండేవాడు.

పాత గుర్రం చచ్చిపోయాక ఎండాకాలంలో తెచ్చిన గుర్రం అది. ఎర్రది, కాళ్ళు గట్టివి. వీపు తట్టనిచ్చేది, గిట్టలు ఎత్తనిచ్చేది, లాడాలు కొట్టేటప్పుడు కూడా కదిలేది కాదు. చెయ్యి మెడ దాటి తల వైపు పోతే మాత్రం మోర పైకెత్తి వెనక్కి తూలేది. కళ్ళెం వెయ్యడానికి ఒక్కోరోజు రెండు గంటలు పట్టేది. మొదట్లో బెల్లం చూపించాడు. తరవాత తాడుతో గుంజకు బిగించాడు, చెవి పట్టి వంచాడు. ఒకరోజు ఓపిక చచ్చిపోయి కొరడా కర్రతో నుదుటి మీద కొట్టాడు. మర్నాటి నుంచి అతను పెరట్లోకి దిగితేనే గుర్రం గోడకు అతుక్కుపోయేది.

అతని భార్య భారతమ్మ చూరు కింద నిలబడి చూసేది. ఎండలోకి వచ్చేది కాదు, వస్తే నీడ గుర్రానికి తగులుతుందని. భారతమ్మ నీడ తగిలితే చెయ్యి తగిలినట్టే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ అంతే. తగిలింది మెత్తనిదో గట్టిదో ఆమెకూ తెలుస్తుంది. బస్సెక్కితే కండక్టరు ఆమెను ఎండ పడని వైపు కూర్చోమనేవాడు. కిరసనాయిలు వరసలో ముందున్న ఆడమనిషి వెనక్కి తిరక్కుండానే, "నీ నీడ నా జడ మీదుండాది భారతమ్మా, రవంత జరుగు" అనేది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి మునివెంకటప్ప కూడా, "అన్నం తింటా ఉండాను, నీ నీడ తియ్ మే" అని కసిరాడు. ఆమె తీసేసింది. ఆ తరవాత ఇరవై ఏళ్ళలో అది అతని మీద మళ్ళీ పడలేదు.

"నేనొకసారి చూస్తానయ్యా" అంది ఒకరోజు.

"గుర్రాల సంగతి నీకేం తెలుసు? మా నాయన కాణ్ణించి ఇదే పని మాకు."

"తెలిసినోడివి, మూణ్ణెల్లుగా ఏం చేసినావు?"

అతను కళ్ళెం నేలకేసి కొట్టి బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం తిరిగొచ్చి, మొహం చూడకుండా చెప్పాడు. "ఏర్పేడు కాడ ఇటికల బట్టీ రాజారత్నంతో మాట్లాడినాను. వచ్చే బేస్తవారం వచ్చి తోలుకపోతాడు. మట్టి తొక్కించే దానికి కళ్ళెం అక్కర్లేదంట, మెడకు తాడుంటే చాలంట."

"ఆ పనిలో గుర్రం ఏడాది బతకదు."

"నన్నేం చెయ్యమంటావు? ఆటోలొచ్చి సగం బేరాలు పాయె. మిగతా సగం ఇది పోగొడతా ఉండాది. రేపట్నించి బియ్యం మిల్లులో మూటలు మోస్తా."

మర్నాడు అతను మిల్లుకు పోయాక భారతమ్మ పెరట్లోకి దిగింది. తూర్పున కంప కంచె దగ్గర, ఎండ వీపున పడేట్టు నిలబడి చెయ్యి చాపింది. నీడ చెయ్యి గుర్రం భుజం మీద పడింది. చర్మం ఒకసారి వణికింది. ఆమె వెంటనే చెయ్యి తీసేసింది. మళ్ళీ పెట్టింది. గుర్రం బిగుసుకోకముందే తీసేసింది. ఆరోజు మెడ మొదలు దాకా పోగలిగింది. ఇంకొకరి ఒంటి మీద తనంతట తాను నీడ వెయ్యడం ఆమెకదే మొదటిసారి. చేతులు నొప్పి పుట్టాయి, ఎండకు కళ్ళు తిరిగాయి. రెండోరోజు పొరపాటున తొందరపడితే గుర్రం గుంజ పెరుక్కుని పెరటి అవతలి మూలకు పోయింది. భారతమ్మ కంచె పక్కన కూలబడి కోపంతో ఏడ్చింది. మూడోరోజు ఎడమ చెవి దాకా వెళ్ళింది. గుర్రం వణుకుతూనే నిలబడింది.

సాయంత్రం భర్తతో చెప్పింది. "ఎడమ సెవి ఎనక, జూలు కింద, ఏందో గట్టిగా గుచ్చుకోనుండాది. తీగ మాదిరి."

మునివెంకటప్ప లేచి పశువుల డాక్టరు కోసం పోయాడు. ఆ చెవే అతను పట్టి వంచింది.

పశువుల డాక్టరు సుందరరాజు వచ్చి, మెడకు మత్తు సూది వేసి, చీముతో పాటు తుప్పు పట్టిన తీగ ముక్క బయటికి లాగాడు. ఎవరో పాత యజమాని తెగిన కళ్ళెం తోలుపట్టీని తీగతో కుట్టుకున్నట్టున్నాడు. "నొప్పి తగ్గిపోతాదప్పా. భయం ఎప్పటికి పోతాదో నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు.

భయం పోలేదు. పుండు మానుతూ వచ్చినా, మునివెంకటప్ప చెయ్యెత్తగానే గుర్రం మోర ఎత్తేసేది. బేస్తవారం తెల్లారింది.

"దానికి నా చెయ్యంటేనే పడదు మే" అన్నాడు విసిగిపోయి. "తోలుకపోనీ."

"దాని పక్కన నిలబడు. నేను సెప్పేదాకా చెయ్యి కదపబాక" అంది భారతమ్మ, కంచె దగ్గరికి పోతూ.

ఆమె నీడ చెయ్యి గుర్రం మెడ మీద పడింది. ఆ నీడలోనే అతను తన చెయ్యి పెట్టాడు. వేళ్ళ మీద ఆమె చెయ్యి ఆనింది. ఎలా ఉంటుందో అతను మరిచేపోయాడు. తొందరపడితే అది అదిమి ఆపేది, ఆగితే మెల్లగా ముందుకు తోసేది. అలా ఇద్దరి చేతులూ చెవి పక్కకు, నుదుటికి పోయాయి. తను కర్రతో కొట్టిన చోటికి వచ్చేసరికి అతను అరచెయ్యి విప్పి అక్కడే ఆనించి ఉంచాడు. గుర్రం ముక్కుపుటాలు పెద్దవి చేసి గాలి వదిలి, తల కిందికి దించింది.

బయట రాజారత్నం కేకేశాడు. "ఏమప్పా మునెంకటప్పా, తాడు తెచ్చినా."

"పోయిరాప్పా, ఇయ్యటం లేదు" అన్నాడు మునివెంకటప్ప, చెయ్యి తియ్యకుండానే.

ఆ పొద్దు కళ్ళెం పడింది. నీడ లేకుండా వేస్తే పడేది కాదు కాబట్టి, స్టేషనులో దాణా పెట్టడానికి తీసి మళ్ళీ వేసేందుకు భారతమ్మ కూడా బండెక్కాల్సి వచ్చింది. కొన్నాళ్ళు పక్కన కూర్చుంది. తరవాత మలుపుల్లో పగ్గాలు అందుకుంది. రెండేళ్ళకు ఆడవాళ్ళతో వచ్చే యాత్రికులు స్టేషను బయట నిలబడి, "భారతమ్మ బండి యాడప్పా?" అని మునివెంకటప్పనే అడిగేవాళ్ళు. అతను వాళ్ళ ట్రంకుపెట్టె నెత్తికెత్తుకుని, "నా ఎనకే రండి" అని ముందు నడిచేవాడు.