నమూనా ముక్కుపై గంధం

పులివెందుల దాటిన తరువాత కొండవాలున ఉన్న ఆ ఇంజనీరింగు కళాశాలలో పొడవాటి ఉక్కుగొట్టం ఒకటుంది. అందులో అదిమి నింపిన గాలి అల్యూమినియం రేకును చించుకొని, ధ్వనిని మించిన వడితో, రాకెట్టు కొనను పోలిన పింగాణీ నమూనాను తాకుతుంది. నమూనా ముక్కున పూసిన సన్నని ప్లాటినం పూత, రెప్పపాటైనా నిలవని ఆ వేడిని కొలిచి చెబుతుంది.

సుధారాణికి అది సరిగా చెప్పడం లేదు. కొలత ప్రతిసారీ రావలసిన లెక్క కంటే తగ్గుతోంది. ఆ తగ్గుదల కూడా ఒక తీరున లేదు. తీగలు మార్చింది, అతుకులు తిరిగి వేసింది. పరిశోధన గ్రంథం సమర్పించే గడువు ఈ నెలతో సరి. ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే ఆమెకు, ఇక పట్టుబట్టే ఓపిక కూడా సన్నగిల్లింది.

ఆమె గురువు చెన్నకేశవులు నిష్ఠాపరుడు. ప్రయోగానికి ముందు స్తోత్రం చదివి నమూనా ముక్కున గంధపు బొట్టు పెట్టేవాడు. టెక్నీషియన్ ఫయాజ్ దానిని తడిగుడ్డతో తుడిచి, గొట్టం కొసన నమూనా ఉండే అర మూసేవాడు. బొట్టు సంగతి అంతటితో అందరూ మరిచేవారు.

ఒకనాడు తండ్రి తద్దినానికి గురువు జమ్మలమడుగు వెళ్లాడు. బొట్టు లేకనే ప్రయోగం జరిగింది. కొలత లెక్కతో కలిసింది. అనుమానం వచ్చి సుధారాణి తానే గంధం పెట్టి, తుడిపించి చూసింది. కొలత పడిపోయింది. గుడ్డకు రంగే వచ్చింది గాని, కంటికి కనబడని పొర ముక్కున మిగిలి వేడిని అడ్డగిస్తోంది.

"సార్‌కు నువ్వే చెప్పు సుధమ్మా," అన్నాడు ఫయాజ్. "నేను చెప్తే, సాయిబు గంధం వద్దంటాండాడని ఊరంతా నవ్వుతాది."

ఏదో ఒక అంకెతో పాత కొలతలను గుణించి సమర్పిద్దామా అని ఆమె మనసు ఒక్క క్షణం వాలింది.

మరునాడు గంధపు గిన్నెతో వచ్చిన గురువుకు ఉన్నదున్నట్లు చెప్పింది. ఆయన గిన్నెలోకి చూసి అడిగాడు.

"ఇన్నాళ్ల కొలతలన్నీనా?"

"అన్నీ సార్. ఒక అంకెతో సరిదిద్దితే..."

"నా వేలు దినానికో తీరుగా పడుంటాది. దానికి లెక్క యాడ కడతావమ్మా? అన్నీ కొట్టెయ్. మళ్లా చేద్దాం."

"గడువు సార్?"

"తప్పు నాదని రాసి, నేనే అడుగుతా. ఇస్తారో, లేదో."

గిన్నె పక్కన పెట్టి, నమూనా ముక్కును స్పిరిటుతో తానే కడిగాడు. పెదవులు మాత్రం స్తోత్రం విడువలేదు. ప్రయోగం జరిగింది, కొలత కుదిరింది. సుధారాణికి సంతోషం కలగలేదు. స్టూలుపై చతికిలబడి, మళ్లీ చేయవలసిన ప్రయోగాలన్నిటినీ తలచుకొంది. ఫయాజ్ చినిగిన రేకు మార్చడానికి బోల్టులు విప్పసాగాడు.