ముందు సీట్లో అత్తగారు

సరిగ్గా బయల్దేరే రోజు పొద్దున పళ్ళ డాక్టరు మొగుడికి నడుం పట్టేసింది. ఇద్దరు కూర్చుని తెడ్లు వేసే సన్నటి పడవ, కయాక్, కొన్నప్పుడు ఆ నడుముకి ఏ రోగమూ లేదు. ఆవిడ క్లినిక్ మూసొచ్చి అన్నమూ కూరలూ ఎండబెట్టి పొట్లాలు కడుతుంటే పక్కన కూర్చుని రుచి చూసినప్పుడూ లేదు. రేవులో కారు ఆగి, అలల చప్పుడు చెవిన పడగానే వచ్చింది.

"ఎక్కడ నొప్పి?" అంది డాక్టరు.

"ఇక్కడ," అని భుజం చూపించి, నాలిక్కరుచుకుని చెయ్యి కిందికి జార్చాడు.

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడాదంతా దీవికి వెళ్ళే ఈ ఒక్క ప్రయాణం కోసమే ఎదురుచూసింది. కానీ సాగనంపడానికొచ్చిన అత్తగారి ముందు ఏడవడం ఇష్టం లేక సముద్రం వైపు తిరిగి నిలబడింది. అత్తగారు వెనక సీట్లోంచి దిగి బూట్లు విప్పేసింది. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు.

"వీడు పుట్టడమే లేటుగా పుట్టాడు. బయటికి రావాలంటేనే భయం వెధవకి. పదమ్మాయ్, నేనొస్తా."

"ఇది బస్సు కాదత్తయ్యా. ఆ దీవిలో కొట్టుండదు, కుళాయుండదు. తిండీ, నీళ్ళూ, గుడారం అన్నీ మనమే మోసుకుపోవాలి. సాయానికి ఎవరూ రారు."

"ఇంట్లో మాత్రం ఎవరొచ్చారు?"

"మీకు ఈతొచ్చా?" అని అడిగింది డాక్టరు.

"వీడికి నేర్పిందెవరనుకున్నావ్?" అంటూ అత్తగారు కొడుకు లైఫ్ జాకెట్ తగిలించుకుంది. కయాక్‌లో సామాను పెట్టే అరని డిక్కీ అని పిలిచి, అందులోంచి కొడుకు సంచీ లాగి ఇసుకలో పారేసింది. "గాలి దిండు, మడతకుర్చీ! షోకులు చూడు."

మొదటి అలకే ఇద్దరూ బోల్తా పడ్డారు. "అమ్మా!" అంటూ కొడుకు కారులోంచి దూకి మోకాలిలోతు దాకా పరిగెత్తాడు. తల్లి నీళ్ళు ఉమ్మి, వాణ్ణి ఎగాదిగా చూసింది. అప్పుడు గుర్తొచ్చి నడుం పట్టుకున్నాడు.

రెండోసారి అల దాటారు. దాటాక ఇద్దరి తెడ్లూ ఒకదానికొకటి కొట్టుకున్నాయి. అత్తగారు "రైట్! రైట్!" అని అరవడం మొదలెట్టింది. డాక్టరు బుద్ధిగా కుడివైపే తెడ్డు వేసింది. కయాక్ గిరగిరా తిరిగింది.

"రైట్ అంటే కుడివైపు కాదే తల్లీ, పోనివ్వమని!"

ఆ తర్వాత కుదిరింది. ఒక్కో రైటుకి ఒక్కో వేటు, కుడికొకటి, ఎడమకొకటి. సగం దూరంలో గాలి మారింది. అలలు పక్కనుంచి కొడుతుంటే డాక్టరు తెడ్డు వెయ్యడం ఆపేసింది.

"నేను వెనక్కి తిరిగితే పడతాం. ఉన్నావా?" అంది ముందు సీట్లోంచి అత్తగారు.

"ఉన్నానత్తయ్యా. భయమేస్తోంది."

"నాకు ఎప్పట్నుంచో వేస్తోంది. ఆపకు, వెయ్యి."

దీవి ఇసుక మీద పడ్డాక ఇద్దరూ కాసేపు లేవలేదు. లేచి చూస్తే గుడారం గుడ్డ ఉంది, దాన్ని నిలబెట్టే కడ్డీల్లేవు. అవి అవతలి ఒడ్డున, పారేసిన సంచీలో ఉన్నాయి. డాక్టరుకి కోపం ముంచుకొచ్చింది. నోరు తెరిచేసరికి అత్తగారు అప్పటికే తెడ్లు రెండూ ఇసుకలో పాతి, గుడ్డ వాటి మీదుగా కయాక్‌కి కట్టేస్తోంది. కోపం ఎటుపోయిందో పోయింది.

ఎండబెట్టిన అన్నం వేడినీళ్ళలో నానింది. అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "దీన్ని నాకన్నా ముందు ఎవరో నమిలారు," అంది. అయినా గిన్నె అడుగుదాకా తినేసింది. డాక్టరు కడుపుబ్బ నవ్వింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక అత్తగారి ముందు అలా నవ్వడం అదే మొదలు.

పొద్దున సముద్రం అద్దంలా ఉంది. అత్తగారు అరచేతుల బొబ్బలు ఊదుకుంటూ అంది, "ఆ అవతల కనిపించేదేంటి?"

"ఇంకో దీవి. రెండో రాత్రికి అనుకున్నాం. మీరొచ్చారుగా, ఈపూటే వెనక్కి వెళ్ళిపోదాం."

"నేనొస్తే దీవి మునిగిపోయిందా?"

డాక్టరు నీళ్ళ డబ్బాలు ఎత్తి చూసింది. గాలి వైపు తల తిప్పి చూసింది. తన చేతి తొడుగులు ఊడదీసి అత్తగారికి తొడిగి, కయాక్ ముక్కు ఆ రెండో దీవి వైపు తిప్పి నీళ్ళలోకి నెట్టింది.