మూడో కాలు విరిచిన ప్లగ్గు

తమ ఇంటి వస్తువు ముట్టుకుని ఎవరైనా కరెంటు కొట్టి చచ్చిపోతారేమోనన్నదే శివలీలకు అన్నిటికన్నా పెద్ద భయం.

ఆ వస్తువు, పెళ్లికి ముందు ఆర్కెస్ట్రాలో మొగుడు వీరభద్ర వాయించిన ఎలక్ట్రిక్ గిటారు, దానికి తోడు మేకపిల్లంత యాంప్లిఫయరు. ఎర్రగుంట్లలోని అద్దె ఇంటి సాకెట్టులో పట్టడం లేదని ఆ మహానుభావుడు యాంప్లిఫయరు ప్లగ్గుకున్న మూడో కాలు, అదే ఎర్తు కాలు, విరిచేశాడు. అప్పటినుంచి చెప్పుల్లేకుండా గిటారు ముట్టుకుంటే జిల్లుమంటుంది. రెండేళ్ల కూతురు ఓసారి తీగ తాకి గుక్కపట్టి ఏడిస్తే, "సంగీతం అంటుకుందిలే" అన్నాడు. శివలీల మూడు రోజులు అతనితో మాట్లాడలేదు.

మస్కట్‌లో వీరభద్రకు ఉద్యోగం దొరికింది. ముగ్గురూ ఎల్లుండే విమానమెక్కాలి. గిటారు కొనడానికి ముద్దనూరు నుంచి ఏసన్న వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడవబోయాడు.

"చెప్పులతోనే రాప్పా! మాకట్లాంటి పట్టింపుల్లేవు," అన్నాడు వీరభద్ర కంగారుగా.

"ఇంత మర్యాద యాడా సూడలేదప్పా," అని ఏసన్న మురిసిపోయి, నాలుగు తీగలు మీటి, "శానా బాగుండాది. చర్చిలో పాటలకు సరిపోతాది," అన్నాడు.

శివలీల అడ్డొచ్చింది. "చర్చిలో చెప్పులేసుకునే వాయిస్తావా అన్నా?"

"దేవుని ముందర చెప్పులేందమ్మా? బయటే ఇడుస్తాం."

వీరభద్ర గట్టిగా దగ్గాడు. శివలీల ఆగలేదు. ప్లగ్గు కథంతా చెప్పేసింది.

"ఎనిమిదితో బడి మానేసినదానివి, కరెంటు సంగతి నీకేం తెలుసే?" అని వీరభద్ర ఎగిరాడు.

"ఎర్తు పాఠం ఆ ఎనిమిదిలోనే ఉండె. నువ్వు ఇంటరు దాకా పోయి కాలు ఇరిచినావు."

ఏసన్న పడిపడి నవ్వాడు. "దేవుడు సూసుకుంటాడులేమ్మా."

"ఆయప్పకు శానా పనులుంటాయన్నా. నువ్వే మూడు కాళ్ల ప్లగ్గు ఏపిచ్చుకో. చర్చిలో ఎర్తుండాదో లేదో కూడా సూపిచ్చుకో."

అట్లాగేనని ఏసన్న గిటారు భుజానేసుకుని, యాంప్లిఫయరును బండికి కట్టుకుని వెళ్లిపోయాడు.

మస్కట్ చేరిన దగ్గర్నుంచి శివలీల ఏసన్నకు ఫోను చేస్తూనే ఉంది. మోగుతుంది, ఎత్తడు.

"పాటలు వాయిస్తాంటాడులే," అంటాడు వీరభద్ర.

"మంగళవారం తెల్లారుజామున కూడానా?"

మీలో ఎవరైనా ముద్దనూరు పక్క పోతే, చర్చి దగ్గర ఏసన్నను అడిగి, మనిషి ఎట్లున్నాడో కళ్లారా చూసి రండి. బాగుంటే, శివలీల పేరు చెప్పి నాలుగు తిట్టి, ఒక్క ఫోను చేయించండి.