మూరెడు పాదాల అడవిమనిషి

తెంగ్‌సాంగ్ అడవిమనిషిని చూశాడు. చూసి, మంచె మీంచి దూకి పారిపోయాడు. మొదటి సంగతి ఊరంతా చెప్పాడు. రెండోది కడుపులోనే పెట్టుకున్నాడు.

వానపొద్దున, పోడుచేను అంచున, అడవి అరటిగుబురుల మధ్య కనిపించిందది. మనిషిలాగే రెండు కాళ్ల మీద నడుస్తోంది. వీపు మాత్రం గుట్టలా ఉబ్బి ఉంది. పాదాలు మూరెడేసి. గాలి ఇటు తిరిగితే ఏదో పులిసిన వాసన. గారో కొండల్లో దాన్ని మాందె బురుంగ్ అంటారు. చూశామనేవాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురుంటారు. నమ్మేవాళ్లే ఉండరు.

తెంగ్‌సాంగ్ మాటకి అంతకుముందూ విలువ లేదు. ఇల్లరికపు అల్లుడు. అక్కడ ఇల్లూ చేనూ ఆడవాళ్లవి, మగవాడే పెళ్లాడి వాళ్లింటికి వెళ్లాలి. అలాగే మేనమామ వాల్జాన్ కూతురు రిక్చీని చేసుకుని మామ ఇంటికొచ్చాడు. రేపు ఆ ఇల్లు నడపాల్సింది తనే. కానీ పెద్దల కూటంలో అత్తగారి అన్న సిల్జాంగ్ మూడేళ్లుగా అతన్ని నోరు విప్పనివ్వలేదు. ఈ కబురు విన్నాక మరీను.

"గుడ్డెలుగుని చూసి జడుసుకున్నోడికి రేపు ఇల్లెలా అప్పజెప్పమంటావు చెల్లే?" అన్నాడు అందరి ముందూ. "రుజువు తెస్తే నా పక్కన కూచోబెట్టుకుంటా. లేదంటే జన్మంతా కూటానికి కట్టెలు మోసిపెట్టి పొమ్మను."

తెంగ్‌సాంగ్‌కి పౌరుషం వచ్చింది. పౌరుషం వచ్చినప్పుడల్లా తాను ఏదో ఒక తెలివితక్కువ పని చేస్తానని అతనికి తెలుసు. తెలిసీ తురా పట్నానికి కబురు పెట్టాడు. గ్రిత్సన్ సారు కెమెరాతో, అడుగుల అచ్చు తీయడానికి ఓ సంచీడు ప్లాస్టర్ పొడితో దిగాడు. ఆయన పదేళ్లుగా అడవిమనిషి కోసం తిరుగుతున్నాడు. ఇంతవరకూ దొరికింది మోకాళ్ల నొప్పులు.

మామ వాల్జాన్‌కి మాత్రం ఇదేమీ నచ్చలేదు. ఆయన చర్చి పెద్ద. "దేవుడు దాచిపెట్టినదాన్ని వెతకడం దేనికిరా?" అని రెండు రోజులు గొణిగాడు.

మూడో రోజు వాన వెలిశాక బురదలో అడుగులు దొరికాయి. మూరెడేసి. తెంగ్‌సాంగ్ వంగి చూశాడు.

"వేళ్లు కనపడవేంటి సార్?"

"ముడుచుకుని నడుస్తుందేమో."

"మరి గోళ్లు?"

"కొరుక్కుంటుందేమోనయ్యా! నోర్మూసుకుని పొడి కలుపు."

అచ్చు పోశాక అది గట్టిపడాలి. సారు అక్కడే కాపలా కూర్చున్నాడు. తెంగ్‌సాంగ్ అడుగుల వెంట ముందుకెళ్లాడు. పులిసిన వాసన ముక్కుకి తగిలింది. కాళ్లు వెనక్కి లాగాయి. సిల్జాంగ్ మొహం తలచుకుని అరటాకులు పక్కకి తోశాడు.

మామ! వీపున వానకి కప్పుకునే వెదురాకుల గిడుగు. ముందు బియ్యపు కల్లు కుండ. చేతిలో సొరబుర్ర. పాదాల కింద మూరెడేసి వక్కచెట్టు పట్టలు, వాటిమీద మోకాళ్లదాకా చుట్టిన గోనెగుడ్డ.

"మామా!"

"అరవకురా!"

"కాళ్లకి అవేంటి?"

"జలగలు. నీకైతే నీ పెళ్లాం పొగాకు పొడి రాసి పంపుతుంది. నాకెవరు రాస్తారు? ఎక్కడికంటే ఏం చెప్పను?"

"ఆదివారం ఆదివారం కల్లు ముట్టొద్దని అందరికీ చెప్పేది నువ్వేగా?"

"చెప్తూనే ఉన్నాగా. నేనొక్కణ్ణే వినట్లేదు."

అంటూనే మామ సొరబుర్రని వెనక్కి దాచుకున్నాడు. "మీ అత్తకి తెలిస్తే ఇంట్లో నిలవలేనురా. చర్చిలో అసలే నిలవలేను."

"ఏమన్నా కనపడిందా?" సారు కేక దగ్గరైంది.

ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. తను చూసింది నిజమేనని తేలిపోతుంది. సిల్జాంగ్ పక్కన చోటూ ఖాయం. మామ మొహం చూశాడు. తనని చిన్నప్పుడు భుజాన మోసిన మామ.

"ఆ గిడుగూ పట్టలూ గోనెలూ ఇటివ్వు. వాగు దిగి ఇంటికి పో," అన్నాడు.

సారు వచ్చేసరికి గిడుగు తెంగ్‌సాంగ్ వీపునుంది, పట్టలూ గోనెగుడ్డా కాళ్లకున్నాయి.

"అడుగులు నావే సార్. కల్లూ నాదే."

"మరి ఆ రోజు నువ్వు చూసింది?"

దానికి అబద్ధం అప్పటికప్పుడు అల్లాడు. "నీళ్లగుంటలో నా నీడ సార్. నేనే అంత భయంకరంగా ఉంటానని అప్పటిదాకా తెలీదు."

సారు కుండ పక్కన కూలబడ్డాడు. "పదేళ్లలో ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదయ్యా," అని, ఎందుకైనా మంచిదని తెంగ్‌సాంగ్‌కే నాలుగు ఫొటోలు తీసుకున్నాడు.

"నీకు కల్లు పులియబెట్టడం ఎప్పుడొచ్చిందయ్యా? అన్నం వండితేనే మాడ్చేస్తావు!" అంది రిక్చీ. అత్త మాత్రం మామకేసి చూసి, చూసి, లోపలికెళ్లింది.

చర్చిలో తెంగ్‌సాంగ్‌కి నాలుగు ఆదివారాలు వెనక బల్ల మీద కూర్చోమని శిక్ష వేశారు. ఆ శిక్ష చదవాల్సింది మామే. చదువుతూ ఆయన అల్లుడి పేరు దగ్గర రెండుసార్లు తడబడ్డాడు. అల్లుడు చెడిపోయినందుకు పాపం ఎంత కుమిలిపోతున్నాడో అనుకున్నారు జనం.

తర్వాతి కూటానికి తెంగ్‌సాంగ్ కట్టెలమోపుతో వెళ్లాడు. ఈ ఏడు పోడుకి కొండ ఏ వాలున అడవి నరకాలన్నది పెద్దలకి తెగడంలేదు.

"ఒరే అడవిమనిషీ, ఇలా రా!" అన్నాడు సిల్జాంగ్. అంతా గొల్లుమన్నారు. "ఆ పాదాలేసుకుని కొండంతా తొక్కావుగా. మట్టి ఎక్కడ మెత్తగుందిరా?"

మూడేళ్లలో మొదటిసారి తన మాట అడిగారు. చెప్పడానికేమో తెంగ్‌సాంగ్‌కి ఒక్క ముక్క తెలీదు. మంచె దాటి ఏనాడూ వెళ్లలేదాయె. మామకేసి చూశాడు. మామ ఇంటికప్పు చూస్తూ ఎడమ మోకాలు గోక్కున్నాడు.

"ఎడం వాలు," అన్నాడు తెంగ్‌సాంగ్.

"వాగు పైదా, కిందిదా?"

మామ దగ్గి, గడ్డం పైకెత్తాడు.

"పైదే. కిందిదాంట్లో రాళ్లు." రాళ్ల సంగతి సొంతంగా కలిపాడు.

సిల్జాంగ్ తలూపాడు. "ఇంకా నిలబడ్డావేం? ఆ మోపు అక్కడ పడేసి, ఇలా వచ్చి కూచో."