మామగారి గడ్డం

ఆర్డిస్‌కి పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు. మొదటి ముప్పై రెండేళ్ళూ రోజూ పొద్దున్నే భర్త పక్కన నిద్ర లేచింది. గత ఆరేళ్ళుగా మామగారి పక్కన లేస్తోంది.

కంగారు పడకండి. మామగారు థొరాల్ఫ్ పోయి ఇరవై ఏళ్ళయింది. పోయినవాడు పోయినట్టు ఉండక, కొడుకు గడ్డంలోంచి తిరిగొచ్చాడు. అదే నెరుపు, కింద అవే రెండు పాయలు, చొక్కా రెండో గుండీ దాకా అదే పొడవు. పెద్దాయన బతికున్నన్నాళ్ళూ కోడలి కాఫీని ఒక్కనాడూ బాగుందనలేదు. అలాంటి మొహం తెల్లారేసరికి పక్క తలగడ మీద కనబడితే ఏ ఇల్లాలికైనా రోజు ఎలా మొదలవుతుందో మీరే ఊహించుకోండి.

అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి ఉంది. ఆర్డిస్‌కి వేళాకోళం లేనిదే పూట గడవదు. పూర్వం ఆమె ఒక మాట విసిరితే భర్త నార్వల్ మూతి ఎడమ చివర కొంచెం వంకర తిరిగేది. ఆ వంకర చూసే ఆమె అతన్ని పెళ్ళి చేసుకుంది. ఇప్పుడు గడ్డమూ మీసమూ కలిసి నోటినే మింగేశాయి. అతన్నే మామగారూ అని పిలిచి ఏడిపిస్తుంది గాని, తన మాటలు అతనికి నవ్వు తెప్పిస్తున్నాయో, విసుగు పుట్టిస్తున్నాయో ఆరేళ్ళుగా ఆమెకి తెలియదు. గోడతో సరసాలాడినట్టుంది.

గడ్డం వెనక కథ ఊరంతా ఎరుగును. ఒక సాయంత్రం ఊళ్ళోని బార్‌లో, రెండో బీరు తర్వాత, నలుగురూ వింటుండగా నార్వల్ ప్రతిజ్ఞ చేశాడు, మస్కీని పట్టి పడవలోకి ఎత్తేదాకా గడ్డం గీయనని. మస్కీ అంటే మాటలా! నాలుగడుగుల చేప. నోటినిండా సూదులు, ఒళ్ళంతా పొగరు. పదివేల సార్లు గాలం విసిరితే ఒక్కసారి దొరుకుతుందని ఉత్తర విస్కాన్సిన్ సరస్సుల మీద నానుడి. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గాని, చేపకన్నా కాదని నార్వల్‌ని చూశాకే ఆర్డిస్‌కి తెలిసొచ్చింది.

చేపలు రాక కాదు, వచ్చేవి. ఎరను పడవ దాకా లాక్కొచ్చి, పైకి తీసేయకుండా, గాలం కర్ర కొనను నీళ్ళలో ముంచి ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పడంలో ఆ సరస్సు మీద నార్వల్‌ని మించినవాడు లేడు. వెనకాలే వచ్చిన మస్కీ ఆ తిప్పుడికి ఆగలేక, పడవ పక్కనే, మూడడుగుల దారం మీద ఎరను కరిచేది. అక్కడే వచ్చింది చిక్కు. చేప ఎదురుగా నోరు తెరుచుకుని ఉన్నప్పుడు కర్ర పైకి లాగితే, ఎర వెళ్ళిన దారినే బయటికొచ్చేస్తుంది. చేప తోక ఎటుందో అటు, పక్కకి ఈడిస్తేనే కొక్కెం దవడ మూలలో దిగుతుంది. ఈ సంగతి నార్వల్‌కి తెలియదా? బార్‌లో కనపడ్డవాడికల్లా పాఠం చెప్పేదే అతను. అయినా చేప కరిచిన క్షణాన అతని చేతులు రెండూ ఆకాశానికి లేచేవి. ఆరేళ్ళలో పదకొండు చేపలు అలా వచ్చి అలాగే పోయాయి.

నవంబరు ఆఖరి శనివారం మధ్యాహ్నం ఆర్డిస్ కూడా పడవెక్కింది. ఒడ్డు వెంబడి నీళ్ళు అప్పటికే గడ్డకడుతున్నాయి. ఒకటి రెండు రోజుల్లో సరస్సు మూసుకుపోతుంది. మళ్ళీ మస్కీ వేటకి అనుమతి మే నెలాఖరులోనే. అంటే ఇవాళ దొరక్కపోతే ఇంకో ఆరు నెలలు మామగారే.

"ఈ చలిలో నువ్వెందుకే?" అన్నాడు నార్వల్, మోటారు తాడు లాగుతూ.

"మీ నాన్నని సాగనంపడానికి. ఆయన పోయినప్పుడు నేను సరిగ్గా ఏడవలేదని మీ వాళ్ళందరూ అన్నారుగా. ఈసారి దగ్గరుండి పంపిస్తా."

గడ్డంలో చలనం లేదు. నవ్వాడో లేదో దేవుడికే ఎరుక.

గంటన్నర విసిరాడు. ఆర్డిస్ ఫ్లాస్కులో కాఫీ సగం తాగేసి, పంది మాంసం పెట్టిన రొట్టె ఒకటి తినేసి, రెండోదాని మీద చెయ్యి వేసింది. అంతలో అతను "వస్తోంది" అన్నాడు గొంతు తగ్గించి.

ఎర వెనకాల నీళ్ళలో ఒక దుంగ కదిలొస్తోంది. దుంగకి కళ్ళున్నాయి. నార్వల్ కర్ర ముంచి తిప్పాడు. మొదటి మలుపు, రెండో మలుపు. తెల్లటి నోరు తెరుచుకుంది. ఠపీమని మూసుకుంది. నార్వల్ చేతులు రెండూ పైకి లేచాయి. ఎర గాల్లోకి ఎగిరి, ఆర్డిస్ టోపీని ఒరుసుకుంటూ పోయి పడవ అవతల పడింది. చేప ఒక్క క్షణం అక్కడే ఉండి, వాళ్ళ వంక చూసి, తాపీగా కిందికి దిగిపోయింది.

"పన్నెండు" అంది ఆర్డిస్.

"లెక్కపెట్టకు."

"చేప కోసం వచ్చావా, దేవుడికి దణ్ణం పెట్టడానికి వచ్చావా? రెండు చేతులూ ఎత్తేశావు!"

నార్వల్ బల్ల మీద కూలబడ్డాడు. ఆర్డిస్ ఫ్లాస్కులో మిగిలిన కాఫీ మూతలో పోసి అతనికిచ్చింది.

అతను ఒక గుక్క తాగాక మెల్లగా అడిగింది. "అది కరిచినప్పుడు నీకేం తోస్తుంది?"

"ఏమీ తోచదు. నాన్న అరుపు వినిపిస్తుంది. 'ఎత్తరా!' అని."

"ఏ నాన్న?"

"నాకెంతమంది నాన్నలే? ఆరేళ్ళప్పుడు రేవు చెక్కల మీద కూర్చోబెట్టి, వెదురు గాలంతో అరచెయ్యంత చేపలు పట్టించేవాడు. వాటికైతే కర్ర పైకే ఎత్తాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే నెత్తి మీద మొట్టికాయ."

ఆర్డిస్ అతని వంక చూసింది. గడ్డమే అనుకుంది ఇన్నాళ్ళూ. చేతులు కూడా పెద్దాయనవేనన్నమాట! ముందు నవ్వొచ్చింది. వెంటనే ఆ ఆరేళ్ళ పిల్లాడి నెత్తి తలుచుకుని జాలేసింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. మొట్టికాయలతో వచ్చింది అంతకన్నా మొండిది. ఇక ఎవరు ఎన్ని పాఠాలు చెప్పినా అది పోదు. ఆ చేతులకి తండ్రి నేర్పని పని, అచ్చంగా అతను సొంతంగా నేర్చుకున్న పని ఏదైనా ఉందా అని ఆలోచించింది.

ఉంది. వాళ్ళింటికి ఎడమ పక్కన గెర్హార్ట్ ఇల్లు. ఆ గెర్హార్ట్ ఎప్పుడో ఒక నిచ్చెన అరువు తీసుకుని, విరగ్గొట్టి, విరగలేదన్నాడు. అప్పటినుంచి ప్రతి చలికాలమూ నార్వల్ తన వాకిట్లో మంచు పారతో ఎత్తి, అటూ ఇటూ చూసి, ఒడుపుగా ఎడమ పక్కకి గెర్హార్ట్ వాకిట్లో విసిరేస్తాడు. పాతికేళ్ళ సాధన. చర్చిలో బుద్ధిమంతుడని పేరున్న మనిషి చేసే ఒకే ఒక్క పాపం అది.

"లే" అంది ఆర్డిస్.

"కాళ్ళు పట్టేశాయే."

"లేవయ్యా! కర్ర తీసుకో. అది కర్ర కాదు, మంచు పార."

"మతి పోయిందా నీకు?"

"నీతో ముప్పై ఎనిమిదేళ్ళు కాపరం చేశాక ఇంకా ఉంటుందా? చేప నీ ఎడమ నుంచి కుడికి తిరిగేటట్టు తిప్పు. మిగతాది నేను చూసుకుంటా."

"నువ్వేం చూసుకుంటావు?"

"గెర్హార్ట్‌ని."

అతనికేమీ అర్థం కాలేదు. అయినా విసిరాడు. పెళ్ళాంతో వాదించడం కన్నా విసరడం తేలిక. ఇరవై సార్లు, ముప్పై సార్లు. వేళ్ళు కొయ్యబారాయి. పొద్దు చెట్ల కొసల మీదికి వాలింది. ఇక రేవుకి పోదామని అతను అనబోతుండగా, ఎర వెనకాల నీళ్ళు ఉబ్బాయి.

ఇది మొదటిదానికన్నా పొడుగు. ఆర్డిస్ లేచి అతని వెనక నిలబడింది. కర్ర కొన మునిగింది. తిరిగింది. చేప కూడా తిరిగింది, ఎడమ నుంచి కుడికి, పడవ అంచుని దాదాపు రాసుకుంటూ. నోరు తెరుచుకుంది.

"గెర్హార్ట్ వాకిట్లోకి!" అని ఆర్డిస్ గొంతు చించుకుంది.

నార్వల్ నడుము తిరిగింది. పాతికేళ్ళ కక్ష భుజాల్లోకి దిగింది. కర్ర ఎడమ పక్కకి, అడ్డంగా, ఒక పెద్ద పారెడు మంచు విసిరినట్టు వెళ్ళింది. సగంలో ఆగిపోయింది. నీళ్ళు పేలాయి.

"దిగింది! ఆర్డిస్! దిగిందే!"

"అయితే దారం వదులు, తెంపుకుంటుంది!"

వదిలాడు. చేప పడవ కిందికి దూసుకెళ్ళింది. రీలు కీచుమంది. అతను పడవ ముక్కు చుట్టూ కర్ర తిప్పుకుంటూ అటు వచ్చాడు. రొట్టెల డబ్బా కాలికి తగిలి నీళ్ళలో పడింది. చేప ఒకసారి ఒళ్ళంతా పైకెగిరి, తల విదిలించి పడింది. ఎర ఊడలేదు. మూడోసారి దగ్గరికొచ్చినప్పుడు ఆర్డిస్ వల ముంచింది. ఎత్తబోతే బరువుకి తనే నీళ్ళలో పడేలా ఉంది. ఇద్దరూ కలిసి ఎత్తారు.

నలభై ఏడంగుళాలు. ఆర్డిస్ ఫోను తీసి నొక్కింది. మొదటి ఫొటోలో తన బొటనవేలు, రెండోదాంట్లో ఆకాశం పడ్డాయి. మూడోదాంట్లో చేపా మొగుడూ ఉన్నారు, ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని. తర్వాత, పట్టిన మస్కీని వదిలేసే అక్కడి ఆనవాయితీ ప్రకారం, నార్వల్ కొక్కెం ఊడదీసి చేపని నీళ్ళలోకి దించి, తోక పట్టుకుని, దానికి మళ్ళీ ఊపిరందేదాకా ఆగాడు. అది ఒక్క విసురు విసిరి వెళ్ళిపోయింది. అతని గడ్డమంతా తడిసి, కొసల్లో మంచు కట్టింది.

"బార్‌లో ఏం చెప్పమంటావు?" అన్నాడు.

"నిజమే చెప్పు. గెర్హార్ట్ కూడా అక్కడికే వస్తాడుగా, విని సంతోషిస్తాడు."

ఇంటికొచ్చాక వంటింట్లో కుర్చీ వేసి, మెడ చుట్టూ తువ్వాలు కట్టి ఆమే మొదలుపెట్టింది. ముందు కత్తెర, తర్వాత నురగ, ఆ తర్వాత బ్లేడు. థొరాల్ఫ్ గారు పాయలు పాయలుగా నేలమీద పడ్డారు.

కానీ గడ్డం కింద ఆమె ఎదురుచూసిన మొహం లేదు. ఆమెకి గుర్తున్నది యాభై ఎనిమిదేళ్ళ చుబుకం. బయటికొచ్చింది అరవై నాలుగేళ్ళది. బుగ్గలు లోపలికి పోయాయి. మెడ దగ్గర చర్మం వదులైంది. ఆరేళ్ళ ముసలితనం తనకి చెప్పకుండా వచ్చి ఇంట్లో కూర్చున్నట్టు అనిపించింది ఆర్డిస్‌కి.

నార్వల్ అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు.

"గడ్డం తీశాక ఇంకా ఎక్కువ నాన్నలా ఉన్నానే" అన్నాడు. వేళాకోళంగా అనలేదు.

నిజమే. అవే గుంటలు పడ్డ బుగ్గలు, అవే గీతలు. ఎగతాళి చేయడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. కానీ ఆర్డిస్ దాన్ని వదిలేసింది. ఎందుకంటే అద్దంలో అతను ఆమె వంకే చూస్తున్నాడు. మూతి ఎడమ చివర కొంచెం వంకర తిరిగింది.

"ఇది మీ నాన్నది కాదు" అంది వేలితో ఆ చివర తాకి. "పద్దెనిమిదేళ్ళు ఆయన ఎదురుగా కూర్చుని తిన్నాను. నన్ను చూసి ఒక్కసారి కూడా ఇలా నవ్వలేదు." వేలు తీయకుండానే అడిగింది. "ఇది మళ్ళీ ఎప్పుడొచ్చింది?"

"పోతే కదా రావడానికి? నువ్వు నన్ను మామగారూ అని పిలిచినప్పుడల్లా లోపల నవ్వుకుంటూనే ఉన్నా. రోజూ."

"ఆ ముక్క నోరు తెరిచి చెప్పొచ్చు కదయ్యా!" అని ఆర్డిస్ తడి తువ్వాలుతో అతని భుజం మీద ఒక్కటి వేసింది. తర్వాత అదే తువ్వాలులో మొహం దాచుకుని, నురగంతా అంటుకుంటున్నా పట్టించుకోకుండా ఏడ్చింది.