నినాదాలు లేని సమ్మె

బాలలక్ష్మి చేతిలోని గంపను మేనేజర్ దత్తాత్రి లాక్కుని గేటు బయటికి విసిరేశాడు. పొద్దున్నే, నూట ఇరవై మంది కూలీలు చూస్తుండగా. గంప దొర్లుకుంటూ పోయి రోడ్డు మీద పడింది.

"ఇగ రాకు. దుబ్బయ్యగాడు సచ్చి నా మెడకు కేసు సుట్టుకుంది. తిక్కోళ్లు ఇగ ఈ మిల్లుల వద్దు."

బాలలక్ష్మి ఏడవలేదు. రెండు చెవులూ మూసుకుని అక్కడే కూలబడింది. సిద్దిపేట శివారులోని ఆ జిన్నింగు మిల్లులో ఆమె ఐదేళ్లుగా పత్తిలోంచి పుల్లలు ఏరుతోంది. గోడవైపు తిరిగి, అదే మూల, అదే చాప. ఒకేసారి రెండు పనులు చెబితే ఏదీ చేయదు. అరిస్తే తల గోడకేసి కొట్టుకుంటుంది. ఒక్క పని చేసి చూపిస్తే మాత్రం సాయంత్రందాకా తల ఎత్తదు. డాక్టర్లు దానికేం పేరు పెడతారో తొంభై రెండులో సిద్దిపేటలో ఎవరికి తెలుసు? తిక్కది అనేసి చేతులు దులుపుకునేవాళ్లు.

యూనియన్ కార్యదర్శి పర్శరాములు అక్కడే ఉన్నాడు. దత్తాత్రికి అడ్డం పోలేదు. దుబ్బయ్య పేరు వినపడితే చాలు, నలభై రోజులుగా అతను చూపు తిప్పుకుంటున్నాడు.

నలభై రోజుల కింద జరిగింది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్పాలి. మన తప్పు మింగేసి మిల్లు సేటు తప్పొక్కటే చెబితే అది కథ కాదు, కరపత్రం.

పత్తి దులిపే రంపం పళ్ల చక్రం మీద ఇనుప మూత బిగించాలని సమ్మెకు దిగారు. అప్పటికే ఇద్దరి వేళ్లు పోయాయి. ముందురోజు మీటింగులో పర్శరాములు నినాదాలు ఇస్తుంటే దుబ్బయ్య చెవులు మూసుకుని బయటికి నడిచాడు. అతనూ బాలలక్ష్మి లాంటి మనిషే. తెల్లారి సైరన్ మోగింది. పన్నెండేళ్లుగా అది మోగితే లోపలికి పోవడమే తెలిసినవాడు, ఆ రోజూ వచ్చాడు. సేటుకు అమ్ముడుపోయిండని ఎవరో అన్నారు. మొదటి దెబ్బ పర్శరాములు కొట్టాడు. తర్వాత ఎన్ని చేతులు లేచాయో ఎవరూ చూసుకోలేదు. దుబ్బయ్య చెయ్యి అడ్డం పెట్టలేదు. "మోగింది. పోవాలె" అంటూ చిరిగిన అంగీతో వాళ్ల మధ్య నుంచే లోపలికి పోయాడు. ఆ రోజు బాలలక్ష్మికి జ్వరం. లేకపోతే ఆమెనూ కొట్టేవాళ్లే.

లోపల దత్తాత్రి అతన్ని ఎన్నడూ ముట్టని ఆ పళ్ల చక్రం దగ్గర నిలబెట్టాడు. ఇటు తొయ్యి, అటు సూడు, జల్ది అని అరిచాడు. గంట గడవకముందే చక్రం అతని చేతిని, ఆ వెనకే మనిషిని లాగేసుకుంది. సమ్మె విరిగిపోయింది.

సేటే చంపాడని కరపత్రం వేశారు. అది నిజమే. గేటు ముందు పడ్డ దెబ్బల గురించి మాత్రం అందులో ఒక్క అక్షరం లేదు. అప్పటి నుంచి సైరన్ మోగినప్పుడల్లా పర్శరాములుకు పక్క నుంచి ఎవరో నడిచిపోయినట్టుంటుంది. తిరిగి చూడడు. చూస్తే ఆ మనిషి కనపడతాడని భయం. అన్నంలో పెట్టిన తన చేతిని తానే చూసుకుని, కంచం పక్కకు నెట్టేసిన పూటలున్నాయి.

బాలలక్ష్మిని గెంటేసిన సాయంత్రం దుబ్బయ్య తల్లి కొమురవ్వ వాకిట్లో మీటింగు పెట్టారు. హమాలీ నర్సింహ ముందే తేల్చేశాడు.

"మూత కోసం కొట్లాడితే మనిషి పోయిండు, మూత రాలే. ఇప్పుడు గామె కోసం కడుపులు మాడ్సుకోవాల్నా? గామె మన మీటింగుకు సుత రాదు."

"ఎట్లొస్తది?" అంది కొమురవ్వ గుమ్మంలోంచి. "మీరు అరుస్తరు. సమ్మె అని నా కొడుక్కు ఎవలన్న చెప్పిన్రా?"

"మీటింగుల చెప్పినం గదనే అవ్వా" అన్నాడు నర్సింహ.

"చెప్పలే. అరిసిన్రు. ఒక్కలొచ్చి పక్కన కూసోని, రేపు సైరన్ మోగుతది, లోపటికి పోవద్దు, గీడ కూసో అని మెల్లగ చెప్తే కూసుంటుండె. గంత సిన్న పని ఇంతమందిల ఒక్కలు చేయలే."

 పర్శరాములు లేచాడు. 

"అవ్వా, మొదటి దెబ్బ నాదే."

"ఎరుకే. శవానికి తానం పోసినదాన్ని, నా కొడుకు వీపు సూడనా? నువ్వే వచ్చి చెప్తవని ఇన్ని దినాలు సూసిన." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా ముంగట ఏడ్వకు. పోయి గా పొల్లకు మెల్లగ చెప్పు."

ఎల్లుండి సమ్మె అని అక్కడే తేల్చుకున్నాక వెళ్లాడు. బాలలక్ష్మి ఇంటి వెనక గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ముఖంలోకి చూడకుండా పక్కన కూర్చుని ఒక్కొక్క మాటే చెప్పాడు. "ఎల్లుండి సైరన్ మోగుతది. లోపటికి పోవద్దు. గేటు ముంగట నా పక్కన కూసోవాలె."

"అరుస్తరా?" అని అడిగింది.

పదిహేనేళ్లుగా నినాదమే పర్శరాములు బతుకు. అతని గొంతు వింటేనే జనం కదిలేవాళ్లు. "అరువం" అన్నాడు.

ఆ ఒక్క మాటకు మర్నాడు యూనియన్‌లో పెద్ద కొట్లాట అయింది. "నోరు మూసుకోని కూసుంటే గది సమ్మెనా, సావింటి కూసుండుడా?" అని నర్సింహ ఎగిరాడు. "సావింటి కూసుండుడే. దుబ్బయ్యకు మనం కూసోలే గద" అన్నాడు పర్శరాములు. నర్సింహ డిమాండ్లు రాయడానికి కాగితం తెచ్చాడు.

డిమాండ్లు మూడు రాసిచ్చారు. బాలలక్ష్మిని ఆమె మూలలోనే పనికి పెట్టాలి. చక్రం మీద మూత బిగించాలి. పని చెప్పేటప్పుడు అరవకూడదు, ఒక్కసారికి ఒక్కటే, చేసి చూపించాలి. మూడోది చదివి దత్తాత్రి పడీ పడీ నవ్వాడు.

అనుకున్న రోజు సైరన్ మోగింది. నూట ఇరవై మంది గేటు ముందు నేల మీద కూర్చున్నారు. పర్శరాములు పక్కన బాలలక్ష్మి, వాళ్ల వెనక కొమురవ్వ. జెండా ఉంది, మాట లేదు. దత్తాత్రికి నవ్వు ఆగిపోయింది. తిట్టే జనంతో ఎట్లా వేగాలో అతనికి తెలుసు, ఈ జనంతో తెలియదు. మళ్లీ మోగించాడు. మూడోసారి మోగేసరికి బాలలక్ష్మి లేచి నిలబడింది.

దత్తాత్రి గేటు తెరిచాడు. "రా, నీ మూల నీకిస్త."

ఆమె రెండడుగులు వేసింది. పర్శరాములుకు అరవాలనిపించింది, చెయ్యి పట్టి లాగాలనిపించింది. ఆ చెయ్యిని తొడకింద అదిమిపెట్టి కూర్చున్నాడు. అంత భయం అతనికి లాఠీ ముందు కూడా ఎన్నడూ కలగలేదు.

"దుబ్బయ్య లోపటికి వోయిండు. మల్ల బయటికి రాలే" అంది బాలలక్ష్మి గేటువైపే చూస్తూ. "నేను పోను." వెనక్కి వచ్చి కూర్చుంది.

పోలీసు జీపు వచ్చింది. ఎస్సై దిగుతూనే "ముందు గా తిక్కదాన్ని ఎక్కియ్" అన్నాడు. కానిస్టేబుల్ రెక్క పట్టుకోగానే ఆమె గిలగిల్లాడింది.

పర్శరాములు లేచి అడ్డం నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "చెయ్యి వట్టకు సార్. ఏడ కూసోవాల్నో మెల్లగ చెప్పు. ఆమెనే కూసుంటది."

"మాకు సుత గట్లనే చెప్పు సార్" అంటూ నర్సింహ లేచాడు. కొమురవ్వ లేచింది. వరసలు వరసలుగా నూట ఇరవై మందీ లేచి, ఏడ కూసోవాలె సార్ అని మెల్లగా అడుగుతూ పదిమంది కూడా పట్టని ఆ ఒక్క జీపు చుట్టూ నిలబడ్డారు.