రాజుగారికి ఇచ్చేసిన పాలపీక

ఈసారి ఉత్సవానికి గడప దాటనని మా ఆయన సాతుర్ భీష్మించుకున్నాడు. మా ఊరి ఉత్సవమంటే రెండు నిలువుల రాజు బొమ్మ కోట ముందు ఆడాల్సిందే. మా పెళ్లికి ముందు నుంచీ ఆ రాజు అంగీలో దూరి, బొమ్మను భుజాన మోస్తూ ఆడించింది ఈయనే. ఇప్పుడు మోకాలు పోయింది. పక్కవీధి ఉనాయ్ మోస్తాడట.

"వాడికి తిప్పడం చేతకాదు. రాజుని ఎద్దులా పరిగెత్తిస్తాడు."

"నువ్వు పుట్టగానే నేర్చావా? మొదటి ఏడే పక్కన ఆడే రాణి బొమ్మని గుద్ది దాని ముక్కు విరగ్గొట్టావు."

రాజు లేకపోతే ఈయనకి ఊళ్లో తానెవరో తెలియదు. అది నాకు తెలుసు కాబట్టే పోరు అక్కడితో ఆపేశాను.

చివరికి కదిలించింది మనవరాలు ఇరాచే. మూడేళ్ల పిల్ల, ఉత్సవం చూడ్డానికి వాళ్లమ్మతో బిల్బావో పట్నం నుంచి వచ్చింది. పాలపీక మానే పిల్లలు దాన్ని తెచ్చి రాజు చేతికి కట్టడం మా ఆనవాయితీ. ఈ ఏడు దాని వంతు.

"తాత వస్తేనే ఇస్తా," అంది, నోట్లో పీక తీయకుండానే. "తాత ఎప్పుడూ రాడు."

తాత రాజు లోపలే ఉండేవాడని ఆ పసిదానికేం తెలుసు? సాతుర్ గొణుక్కుంటూనే మెడకి ఎర్ర రుమాలు కట్టుకున్నాడు.

కోట ముందు సన్నాయిలు మొదలయ్యాయి. రాజు వచ్చి మా ముందు ఆగాడు. మోకాలు జాగ్రత్త అంటే నన్ను కసిరి, సాతుర్ పిల్లను ఎత్తుకున్నాడు. ఇరాచే పీక తీసి, ఒకసారి దానికేసి చూసుకుంది. తాత సాయంతో రాజు మణికట్టుకి కట్టేసింది.

అప్పుడు రాజు తిరిగాడు. అంగీ గొడుగులా విచ్చుకుంది. ఉనాయ్ తొందరపడలేదు, బాగా తిప్పాడు.

"బయట్నుంచి ఇలా ఉంటాడా వీడు?" అన్నాడు సాతుర్. కళ్లు ధారలు కట్టాయి. ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చి చెయ్యి పట్టుకున్నాను.

ఇరాచే ఆయన చెంప తడిమి చూసింది.

"తాతా, నీది కూడా తీసేసుకున్నాడా?"

"తీసుకున్నాడమ్మా."

"మళ్లీ అడక్కూడదంట. అమ్మ చెప్పింది."

"అడగనులే," అన్నాడు సాతుర్.